నమ్మదగిన కారు



గృహస్థు తన జీవితకాలములో ఇల్లు కట్టుటకును, ఆడపిల్ల పెండ్లి చేయుటకును తరువాత ఎక్కువ సొమ్ము వెచ్చించునది కారు కొనుటకే. ఇల్లు మార్చువారు అరుదు. కారును మాత్రము పది పదునైదేండ్లకొకమారు మార్చక తప్పదు. అప్పుడాతడు తెలిసినవారి నెల్ల అడుగు మొదటి ప్రశ్న, “ఇది నమ్మదగిన బండియేనా?” అని. ప్రశ్న చిన్నదే. కాని గడచిన యెనుబదియేండ్లలో మన దేశమున దాని యర్థము ఒక్క తీరున నిలిచియుండలేదు. మన తాతల తండ్రుల నాట నమ్మదగిన కారనగా ఎచట చెడిన నచటనే బాగుపడునది. నేటి వాడుకలో ఆ మాటకు అసలు చెడనిదని యర్థము. ఒక యర్థము పోయి మరియొక యర్థము వచ్చుటకు నడుమ కారుల సొంతదారులు పడిన పాట్లే ఈ ప్రసంగమునకు విషయము. జమీందారుల కొలువులలోని విలాసపు బండ్లను గూర్చి గాని, ఇద్దరికి చాలి నలుగురికి చాలని చిన్నబండ్లను గూర్చి గాని నేనిపుడు చెప్పబోను. అయిదుగురు కూర్చుండి, వెనుక డిక్కీలో సామాను వేసికొని, పొరుగూరి పెండ్లికి పోయి రాదగిన నడిమితరగతి కారు నా లక్ష్యము.

ఈ విషయమున నాకు తొలుత ఆసక్తి కలిగించినది మా పెదతండ్రిగారి చిట్టాపుస్తకము. ఆయన కృష్ణాడెల్టాలోని యొక చిన్న గ్రామమున వైద్యము చేయుచుండెడివారు. 1964లో కారు కొనిరి. అది ఏ కంపెనీ కారో చెప్పను. ఆనాడు దేశమున దొరకునవి మూడే గనుక ఊహించుట కష్టము కాదు. అయినను మా యింటి కష్టసుఖములకు ఒక కంపెనీని బాధ్యునిగా నిలుపుట నాకు న్యాయముగా తోచలేదు. కొన్ననాటి నుండి అమ్మిననాటి వఱకు తిరిగిన మైళ్ళు, పోయించిన పెట్రోలు, చేయించిన మరమ్మతులు అన్నియు ఆయన ఆ పుస్తకమున వ్రాసియుంచిరి. వైద్యుడు రోగి జ్వరమును వ్రాసికొన్నట్లే వ్రాసిరి; విసుగు గాని, తిట్టు గాని యెచటను లేదు. ఆ పుస్తకము చదివిన తరువాతనే, ఆ యొక్క కారు కథ వెనుక దేశమంతటి కథ యున్నదని నాకు తెలిసినది.

మన దేశమున ఇరువదవ శతాబ్దారంభము నుండియు కార్లు తిరుగుచున్నను, అవి యన్నియు పరదేశములలో చేయబడినవే. 1928లో అమెరికావారి జనరల్ మోటార్సు కంపెనీ బొంబాయిలో కార్ఖానా తెఱచి, విడిభాగములను ఓడలపై దెప్పించి యిచట బిగించి యమ్మసాగెను. ఫోర్డువారును అట్లే చేసిరి. ఇది బిగింపుపనియే గాని తయారీ కాదు. 1942లో బిర్లావారు హిందుస్థాన్ మోటార్సును గుజరాతుతీరమున ఓఖా రేవులో స్థాపించి, 1948లో కలకత్తాకు దాపుననున్న ఉత్తరపారాకు మార్చిరి. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ బొంబాయిలో ప్రీమియర్ కంపెనీని నెలకొల్పెను. 1948లో మద్రాసున స్టాండర్డు మోటారు కంపెనీ యేర్పడెను. 1953లో టారిఫ్ కమీషను తన నివేదికలో, క్రమముగా భాగములన్నియు ఈ దేశముననే చేయుటకు పథకము గలవారు మాత్రమే యిచట కార్లు కూర్చవలెనని చెప్పగా, ప్రభుత్వ మంగీకరించెను. జనరల్ మోటార్సు, ఫోర్డు మూటముల్లె సర్దుకొని వెడలిపోయిరి. మిగిలినవి ప్రధానముగా పై మూడు కార్ఖానాలు.

ఆ మూడింటి నుండి మూడు కార్లు వెలువడెను. ఉత్తరపారానుండి 1957లో అంబాసిడర్ వచ్చెను. ఇది ఇంగ్లండున ఆక్స్‌ఫర్డు చెంతనున్న కౌలీలో చేయబడుచుండిన మారిస్ ఆక్స్‌ఫర్డు కారే. పేరు మాత్రము మారినది. పుట్టినింట ఆ యచ్చును 1956 మొదలు 1959 వఱకు, అనగా మూడేండ్లు మాత్రము నడిపి మానివేసిరి. పెంపుడింట నది 2014 వఱకు, ఏబదియేడేండ్లు నడచెను. బొంబాయి ప్రీమియర్‌వారు ఇటలీదేశపు ఫియట్ 1100 కారును చేసిరి. అదియే తరువాత 1974 నుండి పద్మిని యను పేర ప్రసిద్ధి కెక్కినది. మద్రాసువారు 1961లో హెరాల్డు కారును దెచ్చిరి.

కొనువాని కీ మూడింట నొకటి కోరుకొనుటకు కారణములు లేకపోలేదు. ఇల్లు పెద్దది, దారి చెడ్డది, డ్రైవరును పెట్టుకొను స్తోమత గలదు అనువారు అంబాసిడర్‌ను కోరిరి. తానే నడుపుకొని, పెట్రోలు లెక్క చూచుకొనువారు ఫియటును మెచ్చిరి. అది తేలికైనది, చురుకైనది. హెరాల్డుకు ముందరి కప్పు యావత్తు చక్రముల పైభాగములతో సహా ముందుకు తెఱచుకొనును. మెకానిక్కు చక్రముపై కూర్చుండి ఇంజనుతో ముచ్చటాడవచ్చును. పని చేయువానికి ఇంతకంటె సుఖమైన కారు నేనెఱుగను. కాని దాని వెనుక ఇరుసుల యమరిక మన గ్రామముల బాటలకు తగినది కాదు. పెద్ద కుటుంబమునకు తొలుత వచ్చిన రెండు తలుపులు చాలినవి కావు.

ఇట్లు చెప్పిన, మనవారు అంగడిలో వంకాయ లేరినట్లు కార్లు నేరుకొనిరని శ్రోతలు తలంతురేమో! అది నిజము కాదు. కారు విలాసవస్తువని ప్రభుత్వము తలచెను గనుక, ఎన్ని చేయవలెనో లైసెన్సులు నిర్ణయించెను. 1960వ, 1970వ దశకములలో దేశమునగల కార్ఖానాలన్నియు కలిసి సామాన్యముగా సాలునకు ముప్పది నలువది వేల కార్లకు మించి చేయలేదు. 1959లో కార్ల పంపిణీ, అమ్మకములపై నియంత్రణ యుత్తరువు వచ్చెను. డీలరు వద్ద పేరు వ్రాయించుకొని, బయానా కట్టి, వరుస వచ్చువఱకు వేచియుండవలెను. అంబాసిడర్‌కు కొంత త్వరగా వరుస వచ్చినను, ఫియటుకు అయిదారేండ్లు వేచినవారు కలరు. పేరు వ్రాయించిననాడు బడిలో చేరిన పిల్లవాడు, కారు వచ్చునాటికి హైస్కూలు మెట్లెక్కెడివాడు. అందుచే కొత్తకారు కంటె రెండేండ్లు తిరిగిన కారే అంగడిలో ఎక్కువ వెలకు పోయెడిది. వస్తువు వాడినకొలది వెల పెరుగుట అర్థశాస్త్రమున వింతయే గాని, ఆనాటి సొంతదారులకు వింత కాదు.

అమ్మువానికి పోటీ లేదు. కొనువానికి వేఱు గతి లేదు. ఇట్టి స్థితిలో నాణ్యము సన్నగిల్లుట సహజము. కార్ఖానా నుండి అప్పుడే వచ్చిన బండికి తలుపులు సరిగా పడక, నూనె కారుచు, వానలో నీరు లోపలికి దిగుచు నుండెనని పత్రికలలో మొఱలు వెలువడెను. పార్లమెంటున సభ్యులు పలుమారులు ప్రశ్నించిరి. హారను తప్ప తక్కినవన్నియు మ్రోగునను పరిహాసము దేశమంతట వ్యాపించినది ఆనాడే. 1969లో ప్రభుత్వము చట్టబద్ధముగా ధరలు కట్టడి చేయగా, కంపెనీలు సుప్రీము కోర్టుకెక్కెను. 1971లో తీర్పు వచ్చెను. ధర ఎంత న్యాయమో ధర్మాసనము లెక్క కట్టవచ్చును గాని, తలుపు సరిగా పడునట్లు చేయజాలదు గదా!

అయినను ఆ కార్లను జనులు నమ్మిరి. ఎందుచేత? ఇది ఆలోచింపదగిన ప్రశ్న. అంబాసిడర్ ఇంజను నుదాహరణముగా తీసికొందము. 1489 ఘన సెంటీమీటర్ల కొలతగల ఇనుపపోత ఇంజనది. నాలుగు సిలిండర్లు. పైకప్పు తెఱచిన లోపలి దంతయు కంటికి కనబడును. చేయి పట్టునంత చోటు కలదు. సిలిండరు అరిగిన లేతుపై తొలిపించి, కొంచెము పెద్ద పిస్టను వేయవచ్చును. మరల నరిగిన మరల తొలిపింపవచ్చును. అదియు చాలనినాడు లైనరు దింపి మొదటి కొలతకే తేవచ్చును. వెనుక చక్రముల పైనున్న కమానుపట్టీ విఱిగినచో ఊరి కమ్మరి కొలిమిలో కాల్చి సరిచేయగలడు. బ్యాటరీ చచ్చినచో ముందరి రంధ్రమున హ్యాండిలు పెట్టి త్రిప్పవచ్చును. ఎండకాలమున పెట్రోలు పంపులోనే ఆవిరియై యింజను ఆగిపోయెడిది; తడిగుడ్డ కప్పి, చింతచెట్టు క్రింద పావుగంట కూర్చుండిన మరల కదలెడిది. రేడియేటరు కారిన గుప్పెడు పసుపు పోసెడివారు. పెట్రోలుటాంకికి చిల్లిపడిన బట్టలసబ్బు నలిచి మెత్తెడివారు. ఫ్యాను బెల్టు తెగిన త్రాడు కట్టి ఊరు చేరిన ప్రజ్ఞావంతులును కలరు. ఇవి యే పుస్తకమున చదివి నేర్చినవి కావు. ఒక సొంతదారు మరియొక సొంతదారునకు, ఒక డ్రైవరు మరియొక డ్రైవరునకు టీకొట్టు ముందర చెప్పుకొన్నవి.

అమెరికాలో 1936లో స్థాపింపబడిన వినియోగదారుల సంఘ మొకటి, తరువాతి కాలమున తన చందాదారులకు ఏటేట ప్రశ్నపత్రములు పంపి, ఏ కారున ఏ భాగ మెంత తఱచుగా చెడినదో లెక్కలు ప్రకటించెడిది. మనకట్టి సంఘమును లేదు, లెక్కలును లేవు. మన లెక్కలు మెకానిక్కుల చేతివ్రేళ్ళలో నుండెను. విజయవాడ ఆటోనగరులో గాని, హైదరాబాదు షెడ్లలో గాని, శబ్దము విని రోగము చెప్పు మేస్త్రీలు వెలసిరి. మా పెదతండ్రిగారి కారును చూచిన సాయిబుగారు అట్టివారిలో నొకరు. ఆయన బండి యాగకమునుపే సందు మలుపున చప్పుడు విని, “డాక్టరుగారూ, మూడో ప్లగ్గు చూసుకోవాలండి” అనెడివారట. మా పెదతండ్రిగారు నవ్వుచు, తాను రోగిని ముట్టకుండ మందు చెప్పినచో లోకము నిందించును గదా యనెడివారు.

ఇంత చెప్పిన తరువాత ఆ పాతకాలమును తలచి కన్నీరు పెట్టుకొనుట నా యుద్దేశము కాదు. చిట్టాపుస్తకమున 1967 ఆగష్టులో నొక వ్రాత యున్నది: “రాత్రి 2 గంటలు. దారిలో పెట్రోలు పంపు చెడినది. ఎడ్లబండిపై పోతిని. ఆలస్యమైనది.” అంతే. దాని క్రింద కొత్త పంపు వెల. ఎవరి యింటికి పోయిరో, ఆలస్యమున నేమి జరిగెనో వ్రాయలేదు. మా పెద్దమ్మ నడిగితిని. ఆమె కొంతసేపూరకుండి, “కాన్పుకేసు నాయనా” అని మాత్రమనినది. ఆనాటి నుండి ఆయన డిక్కీలో నొక పాత మందులపెట్టె నుంచి, అందు ఒక పంపు, ఒక కాయిలు, ప్లాటినం పాయింట్లు, బెల్టు, తీగ వేసికొని తిరిగెడివారు. కాబట్టి ఎచట చెడిన నచట బాగుపడు కారు గొప్పదని పొగడునప్పుడు, అది మొదట చెడినదను సంగతి మఱవరాదు. బాగగుటకు పట్టిన గంటకు వెల యెవరో యొకరు చెల్లించిరి.

ఇఁక కారు మార్చుట యను ప్రశ్న. ఆ దినములలో మార్చుటకు మరియొక కారు లేదు గనుక జనులు కారులోని భాగములను మార్చిరి. 1973లో అరబ్బుదేశముల చమురు వెల పెరుగగా, పెట్రోలుకారు పోషించుట సామాన్యునకు తలకు మించిన పని యయ్యెను. అప్పుడు టాక్సీవారు పెట్రోలింజను దింపి, వానులకు వాడు డీజిలింజను నెక్కింపసాగిరి. మాటడోరు ఇంజను పెట్టిన అంబాసిడర్లు పలు రాష్ట్రములలో తిరిగెను. 1980 ప్రాంతమున కంపెనీయే డీజిలు అంబాసిడరును దెచ్చెను. అది మెల్లగా పోవును, గుండెలదరునట్లు మ్రోగును. అయినను చాలమంది టాక్సీ సొంతదారుల యిండ్లలో పొయ్యి వెలిగించినది అదియే. శరీర మొకనిది, హృదయ మొకనిదియైన ఈ బండ్లను చూచి మర్యాదస్థులు నవ్వెడివారు. సొంతదారు నవ్వలేదు, అతనికి నెలాఖరున మిగులు కనబడినది.

1983 డిసెంబరులో మారుతి చిన్నకారు వెలువడుటతో గాలి మారెను. జపానుదేశపు సుజుకీవారి తోడ్పాటుతో చేయబడిన 796 ఘన సెంటీమీటర్ల బండి యది. తయారు కాకమునుపే లక్షకు పైగా జనులు సొమ్ము కట్టి పేళ్ళు వ్రాయించుకొనిరి. అది మన విషయమునకు వెలుపలి కారు, ఐదుగురికి ఇరుకు. కాని పొద్దున తాళము త్రిప్పగనే కదలు కారొకటి కలదని జనులకు తొలిసారి తెలిపినది అదియే. ఒక్కమారు ఆ సంగతి తెలిసిన తరువాత, హ్యాండిలు త్రిప్పుట నేర్పు అని యెవ్వరును మురియలేదు.

పాత కంపెనీలు ఊరకుండలేదు. 1984, 1985 సంవత్సరములలో మూడు పెద్దకార్లు వచ్చెను. వీనిని కొంచెము నిలిచి చూడవలెను. కారు మార్చగోరువానికి పైమెఱుగు ఎట్టి యుచ్చు పన్నగలదో యివి చూపును. హిందుస్థాన్ మోటార్సువారు ఇంగ్లండులోని వాక్స్‌హాల్ కంపెనీ పాత యచ్చులు దెచ్చి కాంటెస్సా చేసిరి. విశాలమైన, అందమైన కారు. కాని తొలుత దాని కడుపులో పెట్టినది ఆ పాత 1489 ఇంజనే! ఏనుగునకు ఎద్దుగుండె యమర్చినట్లు, అంత బరువును అది లాగలేకపోయెను. తరువాత జపాను ఇసుజూ ఇంజను పెట్టిననాడు గాని దానికి ప్రాణము రాలేదు. మద్రాసు స్టాండర్డువారు 1985లో ఇంగ్లండు రోవరు కారు నాకారమున స్టాండర్డు 2000 దెచ్చిరి. చూచుటకు రాజహంస, ఇంజను మాత్రము తమ వద్దనున్న మునుపటి తరపుది. వెల హెచ్చు, పెట్రోలు త్రాగుడు హెచ్చు. 1988కి అది ఆగిపోయెను. దానితో స్టాండర్డువారి కార్ల కథయు ముగిసెను. ప్రీమియర్‌వారి 118 ఎన్.ఇ. కొంత మేలు: ఫియటువారి పాత శరీరము, జపాను నిస్సానువారి 1171 ఘన సెంటీమీటర్ల ఇంజను. కొత్తశరీరమున పాతగుండె కంటె పాతశరీరమున కొత్తగుండె మేలని ఈ మూడింటిని నడిపినవారు తేల్చిరి. 1990వ దశకారంభమున అంబాసిడర్‌కే ఇసుజూ 1800 ఇంజను, అయిదు గేర్లు అమర్చినప్పుడు ఆ తీర్పు మరల ఋజువైనది. పాతకారుపై మమకారము వీడలేని పెద్దలు దానిని సంతోషముతో కొనిరి.

1991లో మన తెలుగువారైన పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రిగా నున్నపుడు నూతన పారిశ్రామిక విధానము వచ్చెను. 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన తొలగెను. కొలది యేండ్లలో అంగడి నిండెను. మారుతివారి ఎస్టీము 1994లో, కొరియాదేశపు దేవూ సియెలో 1995లో, జనరల్ మోటార్సువారి ఓపెల్ ఆస్ట్రా, ఫోర్డువారి ఎస్కార్టు 1996లో, జపాను హోండా సిటీ 1998లో వచ్చెను. నలువదియేండ్లక్రిందట పోయిన అమెరికావారు తిరిగి వచ్చుట యొక చిత్రము. అంతకంటె చిత్రము, అంబాసిడర్ చేయు హిందుస్థాన్ మోటార్సువారే 1998లో మద్రాసు దాపున తిరువళ్ళూరులో జపాను మిత్సుబిషి లాన్సరును చేయుట. ఒక చేత తాతను, ఒక చేత మనుమని పట్టుకొని నడచినట్లుండెను వారి వ్యాపారము.

ఇప్పుడు సొంతదారునకు నిజమైన పరీక్ష వచ్చినది. వేచియుండుట యెఱిగినవానికి ఎన్నుకొనుట తెలియదు. కొత్తకారు లోపల చల్లని గాలి, మెత్తని పీట, అద్దములు దింపుటకు మీట. షోరూములో అన్నియు నమ్మదగినవిగనే కనబడెను. కాని నమ్మవలసినది కారు నొక్కదానినే కాదని కొందఱు చాల ఆలస్యముగా నెఱిగిరి. ప్రీమియర్‌వారు ఫ్రాన్సుదేశపు పెజోవారితో కలిసి చేసిన 309 కారు మూడు నాలుగేండ్లలో ఆగిపోయెను. కారున దోషము స్వల్పము. భాగస్వాముల పొత్తు చెడెను, కార్ఖానాలో పని నిలిచెను. దేవూ కంపెనీ కొరియాలో 2000లో దివాలా తీయగా, ఇచటి దాని కార్ఖానాయు కొన్నియేండ్లలో మూతపడెను. సియెలో నడిపినవారు దాని నడకను మెచ్చిరి. కాని మెచ్చినవానికి హెడ్లైటు కావలసినపుడు ఎచట దొరకును? తల్లిదండ్రులు పోయిన బిడ్డల వలె ఆ కార్లు తిరిగినవి. అమ్మబోయిన అడుగువాడు లేడు. జీవితకాలపు పొదుపు వెచ్చించి కొన్న ఉద్యోగస్థుల కిది సామాన్యమైన దెబ్బ కాదు. తరువాతి కాలమునను ఈ భయము తీరలేదు: 2017లో జనరల్ మోటార్సు ఈ దేశమున అమ్మకములు చాలించెను, 2021లో ఫోర్డువారు ఇచట కార్ల తయారీ మానుచున్నట్లు ప్రకటించిరి.

యంత్రమున వచ్చిన మార్పును గూర్చియు ఒక మాట. 2000 ప్రాంతమున పొగపై కట్టుబాట్లు బిగియగా, కార్బురేటరు పోయి, గణనయంత్రము కొలిచి పెట్రోలు చిమ్ము పద్ధతి సర్వసాధారణమయ్యెను. పాయింట్లు గీకుట, జెట్లు ఊదుట పోయెను. కొత్తకారు అరుదుగా చెడును, ఇది నిస్సందేహము. కాని అది చెడు విధము వేఱు. పాత యింజనులో గొలుసు వదులైన నెల ముందుగనే గలగల యని చెప్పెడిది. పలు కొత్త యింజన్లలో దాని చోట రబ్బరుపట్టీ వచ్చెను. అది సడిచేయదు, కాలము తీరిననాడు మార్పకున్న హఠాత్తుగ తెగి, కవాటములను వంచి, ఇంజను నంతటిని పడగొట్టును. పాతకారు ముసలివారి వలె రోజూ మూలుగును. కొత్తకారు యువకుని వలె మాటాడక తిరిగి, ఒకనాడు ఒక్కుమ్మడిగ కూలును. కనుక కొత్తదాని నమ్మిక, పుస్తకమున చెప్పిన గడువునకు చెప్పిన పని చేయించు సొంతదారుని క్రమశిక్షణపై నాధారపడియుండును. మనవారిలో పలువురు ఇది యెఱుగక, “బాగానే నడుస్తోంది గదా” యని నూనె మార్పింపక, తరువాత కారును నిందించిరి.

ఈ విషయమున టాక్సీవారి తీర్పునకు నే నెక్కువ విలువ నిత్తును. బండి యాగినపూట వారికి కూడు లేదు. వారు అంబాసిడరును విడిచి మొదట టాటావారి ఇండికా డీజిలును, తరువాత 2008లో వచ్చిన డిజైరును, 2010లో వచ్చిన టయోటావారి ఎటియోసును చేపట్టిరి. ఎటియోసు చూచుటకు సాదా బండి. సొంతకారుగా కొనువారు అంతగా మోజుపడలేదు. టాక్సీవారు మాత్రము లక్షల కిలోమీటర్లు త్రిప్పి దాని గట్టిదనమును చాటిరి. క్లచ్చిపలక వెల యెంత, బంపరు వెల యెంత, జిల్లాలో విప్పగలవా డెవ్వడు, తిరిగి యమ్మిన నెంత వచ్చును — వీరు అడుగు ప్రశ్నలివి. షోరూమువాడు ఇష్టముగ చెప్పని సంగతులును ఇవియే.

అంబాసిడర్ తుది త్వరగానే చెప్పవచ్చును. 1980వ దశకమున సాలునకు ఇరువదివేలకు పైగా అమ్ముడుపోయినది, 2014 మార్చితో ముగిసిన సంవత్సరమున సుమారు 2,200కు దిగెను. 2013లో బి.బి.సి. వారి టాప్ గేర్ కార్యక్రమము దానిని లోకమునగల టాక్సీలలో మేటిగా నెన్నినది. అప్పటికే దాని ఆయువు నెలలలో నుండెను. 2014 మే 24వ తేదీన ఉత్తరపారా కార్ఖానా ద్వారమున పని నిలుపుదల ప్రకటన వ్రేలాడెను. రెండువేలకు పైగా కార్మికులు వీథిని పడిరి. 2017లో ఆ పేరును ఎనుబది కోట్ల రూపాయలకు పెజోవారు కొనిరి.

మా పెదతండ్రిగారు 1996లో కారు మార్చిరి. అప్పటి కాయనకు డెబ్బదియేండ్లు దాటెను. కుమారులు పట్టుబట్టి కొత్తరకపు కారు కొనిపించిరి. అదియు ఏదో చెప్పను. మా పెద్దమ్మ అడ్డు చెప్పినది. పాతకారులో చీరకుచ్చెళ్ళు సర్దుకొని కుర్చీపై కూర్చున్నట్లు కూర్చుండవచ్చుననియు, ఇందులో నూతిలో దిగినట్లున్నదనియు ఆమె ఫిర్యాదు. సాయిబుగారు చూడవచ్చిరి. ముందరి కప్పెత్తి, ఇంజనుపై మూసిన మూతలను ఇటునటు చూచి, చేయి పెట్టుటకు చోటు గానక, కప్పు మెల్లగా దింపిరి. “బాబుగారూ, దీనికి నాతో పనుండదండి,” అనిరి. మా పెదతండ్రిగారు, “అందుకేగా కొన్నది, భాయీ,” అనిరట. ఇద్దరును టీ త్రాగిరి.

కొత్తకారునకును ఆయన చిట్టా ప్రారంభించిరి. అందలి పుటలు చాలవఱకు ఖాళీ. మూడేండ్లలో రెండు నూనెమార్పులు, ఒక టైరు, ఒక బ్యాటరీ. నాలుగవయేట మాత్రము బండి మచిలీపట్నము దారిలో ఆగినది. లారీపై విజయవాడకు పంపిరి. భాగము వచ్చుటకు పదునొకండు దినములు పట్టినది. ఆ పదునొకండు దినములును ఆయన ఎచటికి పోవలసినను సాయిబుగారి కొడుకు తన బండిలో తీసికొనిపోయెను. పుస్తకపు తొలిపుటలో కంపెనీ సర్వీసుస్టేషను టెలిఫోను సంఖ్య అచ్చువేసిన కాగిత మతికియున్నది. దాని క్రింద ఆయన స్వహస్తముతో సాయిబుగారి యింటి సంఖ్య వ్రాసియున్నది.